ఒక సిమ్ కార్డు, ఐదు కళ్ళు

2007 జూలై 2వ తేదీ రాత్రి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయంలో ఒక భారతీయ వైద్యుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. ఆయన పేరు మొహమ్మద్ హనీఫ్. గోల్డ్ కోస్ట్ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. కొద్ది రోజుల క్రితమే బెంగళూరులో ఆయన భార్య ఆడపిల్లకు జన్మనిచ్చింది. ఆ బిడ్డ ముఖం చూసుకోవాలని బయలుదేరిన తండ్రిని విమానం ఎక్కనివ్వలేదు. ఏ అభియోగమూ మోపకుండానే 12 రోజులపాటు నిర్బంధంలో ఉంచారు.

ఇంతకూ ఆయన చేసిన నేరమేమిటి? 2006లో బ్రిటన్ విడిచి వెళ్తూ, ఇంకా కొన్ని నిమిషాల కాల్స్ మిగిలి ఉన్న తన సిమ్ కార్డును అక్కడున్న దూరపు బంధువుకు వాడుకోమని ఇచ్చారు. మన ఇళ్ళలో రోజూ జరిగే పని. ఊరు మారేవాడు తన గ్యాస్ పొయ్యి, దుప్పటి, సిమ్ కార్డు వెనక ఉండేవాడికి ఇచ్చి పోతాడు. 2007 జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయంపైకి గ్యాస్ సిలిండర్లు నింపిన జీపుతో దూసుకెళ్ళినవాడు ఆ బంధువుకు సోదరుడు. ఈ సంగతి తెలియగానే హనీఫ్ పారిపోలేదు. తన సిమ్ కార్డు గురించి ఆరా తీస్తున్న బ్రిటన్ పోలీసు అధికారికి ఫోన్ చేసి మాట్లాడాలని పలుమార్లు ప్రయత్నించారు. అయినా తిరుగు టికెట్ లేకుండా స్వదేశానికి వెళ్తున్నాడు గనుక అనుమానితుడయ్యారు.

ఆ సిమ్ కార్డు గ్లాస్గోలో తగలబడిన జీపులో దొరికిందని ప్రాసిక్యూషన్ న్యాయస్థానానికి చెప్పింది. అది అసత్యం. సిమ్ కార్డు దొరికింది అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, లివర్‌పూల్‌లో. జూలై 16న మెజిస్ట్రేటు బెయిలు మంజూరు చేస్తే, కొద్ది గంటల్లోనే ఇమిగ్రేషన్ మంత్రి 'శీలం సరిగా లేదు' అనే నిబంధన కింద ఆయన వీసాను రద్దు చేశారు. న్యాయస్థానం తెరిచిన తలుపును మంత్రి మూసేశారన్నమాట. జూలై 27న అభియోగం ఉపసంహరించుకోక తప్పలేదు. వీసా రద్దును ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. 2008లో జాన్ క్లార్క్ విచారణ నివేదిక హనీఫ్‌కు వ్యతిరేకంగా అభియోగం మోపదగిన ఆధారమే లేదని తేల్చింది. 2010 డిసెంబరులో ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వడానికి అంగీకరించింది.

ఇది పాత కథ కదా, ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. ఇది పాత కథ కాదు. ఈ కథలో ముద్దాయి స్థానంలో ఉన్నది హనీఫ్ మాటలు కావు, చేతలు కావు. ఆయన పేరున నమోదైన ఒక సిమ్ కార్డు, ఒక బంధుత్వం, ఒక టికెట్. మనిషి ఏం చేశాడన్నది వదిలేసి, మనిషి ఎవరితో ముడిపడి ఉన్నాడన్నదాన్ని బట్టి నేరాన్ని ఊహించే పద్ధతి అది. ఆ పద్ధతి తప్పని విచారణలో తేలింది. మరి ఆ పద్ధతిని విడిచిపెట్టారా? లేదు. ఎనిమిదేళ్ళు తిరగకముందే దానికి పునాదిగా నిలిచే సమాచారాన్ని దేశప్రజలందరి నుంచీ పోగుచేయించే చట్టాన్ని ఆస్ట్రేలియా తెచ్చుకుంది. ఆ తరువాతి ఏళ్ళలో ఆ బాటలో నడవడానికి మన దేశం కూడా చేయి కలిపింది. అందుకే ఈ కథ మనది.

కవరు మీది రాతలు

2015లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆమోదించిన డేటా నిల్వ చట్టం ప్రకారం టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీలు తమ వినియోగదారుల మెటాడేటాను రెండేళ్ళపాటు భద్రపరచాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఆ సమయంలో ఫోన్ ఏ టవరు పరిధిలో ఉంది, ఏ ఖాతాకు ఏ ఐపీ చిరునామా కేటాయించారు - ఇవన్నీ అందులోకి వస్తాయి. ఈ వివరాలను పోలీసులు, గూఢచార సంస్థలు చూడాలంటే న్యాయమూర్తి వారంటు అక్కరలేదు. ఆ సంస్థ అధికారి సంతకం చాలు.

ప్రజలు భయపడనక్కరలేదని అప్పటి ప్రధాని టోనీ అబాట్ నచ్చజెప్పారు. మేం చూసేది ఉత్తరం కవరు మీది రాతలనే గాని లోపలి ఉత్తరాన్ని కాదన్నది వారి వాదన. వినడానికి ఎంతో సౌమ్యంగా ఉంది. కాని ఒక మనిషికి రెండేళ్ళలో వచ్చిన కవర్లన్నీ, అతడు రాసిన కవర్లన్నీ ఒకచోట పేర్చి చూడండి. ఒక మహిళ ఉదయం స్త్రీవైద్య నిపుణురాలికి, మధ్యాహ్నం న్యాయవాదికి, రాత్రి పుట్టింటికి ఫోన్ చేసింది. మాటలు వినవలసిన పని ఉందా? ఒక యువకుడి ఫోన్ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒకే మస్జిద్ దగ్గర ఆగుతోంది. రమజాన్ నెలలో తెల్లవారుజామున మేలుకుంటోంది. అతడి మతం అడగవలసిన పని ఉందా? ఉత్తరంలో మనిషి అబద్ధం రాయవచ్చు. కవర్లు అబద్ధమాడవు, నిజమూ చెప్పవు. చదివేవాడి మనసులో ముందే ఉన్న అనుమానానికి అవి రూపమిస్తాయి. హనీఫ్ విషయంలో జరిగింది అదే.

కవరు మీది రాతల విలువ ఎంతో అమెరికా గూఢచార అధిపతులకు బాగా తెలుసు. ఎన్ఎస్ఏకూ, సీఐఏకూ అధిపతిగా పనిచేసిన మైకేల్ హేడెన్ 2014లో ఒక బహిరంగ చర్చలో, మెటాడేటా ఆధారంగా తాము మనుషుల్ని చంపుతామని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. యెమెన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు కొండల్లో డ్రోన్లు ఎవరి ఇళ్ళమీద తిరిగాయో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. సిడ్నీలో అమాయకమైన కవరు అనిపించేది వజీరిస్తాన్‌లో మరణశాసనం అవుతుంది.

చట్టంలో జాగ్రత్తలున్నాయి కదా అంటారు. ఆ జాగ్రత్తల సంగతీ చూద్దాం. పాత్రికేయుల మూలాలను రక్షించడానికి, వారి రికార్డుల విషయంలో మాత్రం ప్రత్యేక వారంటు ఉండాలన్నారు. 2017 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసు శాఖే తమ అధికారి ఒకరు వారంటు లేకుండా ఒక పాత్రికేయుడి కాల్ రికార్డులు చూశారని ప్రకటించవలసివచ్చింది. రాజధాని కాన్‌బెర్రా పరిధిలోని పోలీసులు ఫోన్ల స్థానాన్ని తెలుసుకోవడానికి ఈ అధికారాన్ని ఎలా వాడారో కామన్వెల్త్ అంబుడ్స్‌మన్ పరిశీలించి, 2021లో నివేదిక వెలువరించారు. 1,713 సందర్భాలలో చట్టాన్ని పూర్తిగా పాటించినవి కేవలం 9. మిగిలిన 1,704 సార్లు ఎవరి జాడ వెతికారు? తమ జాడ వెతికారని ఆ మనుషులకు ఎవరైనా చెప్పారా?

పోగుచేసిన సమాచారం పోగుచేసినవాడి చేతిలోనే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2022 సెప్టెంబరులో ఆప్టస్ టెలికాం సంస్థపై జరిగిన సైబర్ దాడిలో సుమారు 98 లక్షల మంది వినియోగదారుల వివరాలు బయటపడ్డాయి. మరుసటి నెలలోనే మెడీబ్యాంక్ ఆరోగ్య బీమా సంస్థ వంతు వచ్చింది. అక్కడ సుమారు 97 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. జనం వ్యాధుల చిట్టాలను సైతం ఆ దొంగలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ధాన్యం ఎక్కడ పోగైతే అక్కడికే ఎలుకలు చేరతాయి. గాదె కట్టమని చట్టం చేసినవారికి ఈ మాత్రం తెలియదా?

ఆగస్టులో నీతి, డిసెంబరులో రీతి

అంతర్జాతీయ రాజకీయాల్లో నీతి ఎంత చవకగా దొరుకుతుందో తెలుసుకోవడానికి 2018వ సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏడాది ఆగస్టులో ఆస్ట్రేలియా తన 5జీ వ్యవస్థ నుంచి చైనా కంపెనీ హువావేను దూరంగా ఉంచింది. ప్రపంచంలో అటువంటి నిర్ణయం ముందుగా తీసుకున్న దేశాలలో అది ఒకటి. కంపెనీ పేరెత్తకుండా ప్రభుత్వం చెప్పిన కారణమిది: విదేశీ ప్రభుత్వం చట్టానికి అతీతంగా ఇచ్చే ఆదేశాలకు తలొగ్గే అవకాశమున్న సరఫరాదారులను నమ్మలేము. కారణం సబబైనదే. ప్రభుత్వం రహస్యంగా ఆదేశిస్తే కంపెనీ తన వినియోగదారుణ్ణి అప్పగించవలసి వచ్చే దేశంలో ఏ ఫోన్‌నూ నమ్మలేము.

సరిగ్గా నాలుగు నెలలు తిరగకముందే, డిసెంబరు 6న, ఆస్ట్రేలియా పార్లమెంటు 'సహాయ, ప్రవేశ చట్టం' చేసింది. అది ఆ ఏడాదికి చివరి సమావేశ దినం. ప్రతిపక్ష లేబర్ పార్టీ బిల్లులో లోపాలున్నాయంటూనే, తన సవరణలను ఆఖరి ఘడియలో వదులుకుని ఓటు వేసింది. ఈ చట్టం కింద ప్రభుత్వ సంస్థలు కంపెనీలకు నోటీసులిచ్చి, ఎన్‌క్రిప్షన్ తాళం వేసిన సందేశాలను చేరుకునే మార్గం చూపమని కోరవచ్చు. అటువంటి మార్గం లేకపోతే కొత్తగా తయారుచేయమని శాసించవచ్చు. ఈ శాసనానికి కావలసింది ఇద్దరు మంత్రుల ఆమోదమేగాని న్యాయమూర్తి అనుమతి కాదు. నోటీసు వచ్చిందని బయటపెట్టినవారికి ఐదేళ్ళ వరకూ జైలు. ఆగస్టులో చైనాను వేలెత్తి చూపించిన లక్షణాలలో ఇక్కడ లేనిదేది? రహస్యమైన ఆదేశం ఉంది, కంపెనీపై నిర్బంధం ఉంది, న్యాయస్థానం ప్రమేయం లేదు. తేడా ఒక్కటే: అక్కడ చట్టానికి బయట జరుగుతుందని భయపడ్డదాన్ని ఇక్కడ చట్టంలోనే రాసుకున్నారు.

అంతకుముందు ఏడాది, గణితశాస్త్ర నియమాలు ఈ తాళాన్ని విరవనివ్వవు కదా అని విలేకరులు అడిగితే, నాటి ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్ గణిత నియమాలు మెచ్చదగినవేగాని ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టమేనని జవాబిచ్చారు. లోకమంతా నవ్వింది. నవ్వవలసిన మాట కాదది. రెండు రెళ్ళు ఎంతో కూడా మా గెజిట్టే నిర్ణయిస్తుందని చెప్పే అధికార స్వరం అది.

మంచివాళ్ళకు మాత్రమే తెరుచుకునే దొంగదారి అంటూ ఉండదు. తలుపుకు ఒక రహస్య తాళంచెవి చేయించాక అది పోలీసు జేబులోనే ఉంటుందని ఎవరూ పూచీపడలేరు. వ్యవస్థ మొత్తాన్నీ బలహీనపరచే పని చేయించకూడదని చట్టంలో ఒక నిబంధన ఉన్నమాట నిజమే. ఏది బలహీనత, ఏది కాదన్నది ఎవరు తేలుస్తారు? 2020లో ఆ దేశపు జాతీయభద్రతా చట్టాల స్వతంత్ర పరిశీలకుడే, ఇటువంటి నోటీసులను ఆమోదించే అధికారం సంస్థల చేతుల్లోంచి, మంత్రుల చేతుల్లోంచి తీసి స్వతంత్ర వ్యవస్థకు అప్పగించాలని సిఫారసు చేశారు. అధికారం తగ్గించమన్న ఆ సిఫారసుకు జవాబుగా 2021 ఆగస్టులో వచ్చిందేమిటి? ఇతరుల ఖాతాలను స్వాధీనం చేసుకోవడానికి, కంప్యూటర్లలోని సమాచారాన్ని మార్చడానికి, తుడిచివేయడానికి సైతం పోలీసులకు అనుమతినిచ్చే మరో చట్టం.

ఎవరి గోడకు ఎవరి చెవి

ఆస్ట్రేలియాను ఒంటరి దేశంగా చూస్తే ఈ విషయం సగమే అర్థమవుతుంది. 1946లో అమెరికా, బ్రిటన్ల మధ్య కుదిరిన గూఢచార ఒడంబడిక తరువాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను కలుపుకుని 'ఐదు కళ్ళు'గా మారింది. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి సమీపంలో పైన్ గ్యాప్ అనే స్థావరం ఉంది. 1966లో కుదిరిన ఒప్పందం మేరకు అమెరికా, ఆస్ట్రేలియా కలిసి దాన్ని నడుపుతున్నాయి. ఆసియా ఖండం మీది సంకేతాలను ఉపగ్రహాల ద్వారా పట్టే చెవి అది.

ఆ చెవి ఎవరి గోడలకు ఆనిందో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు చెప్పాయి. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల ఇండొనేషియాకు అధ్యక్షుడైన సుసిలో బాంబాంగ్ యుధొయోనో ఫోన్‌పైనా, ఆయన భార్య ఫోన్‌పైనా 2009లో ఆస్ట్రేలియా నిఘా పెట్టిందని 2013 నవంబరులో లోకానికి తెలిసింది. అధ్యక్షుడి భార్య ఏ ఉగ్రవాద ముఠాలో సభ్యురాలు? ఇండొనేషియా తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. అబాట్ క్షమాపణ చెప్పడానికి నిరాకరించారు.

ఇంకా చిన్న పొరుగు దేశం తూర్పు తిమోర్ అనుభవం మరింత చేదైనది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన ఆ పేద దేశంతో సముద్రగర్భంలోని చమురు, సహజవాయువుల పంపకంపై చర్చలు జరుగుతుండగా, 2004లో ఆస్ట్రేలియా గూఢచారులు దిలీలోని మంత్రివర్గ సమావేశ మందిరంలో మైకులు అమర్చారు. సహాయ కార్యక్రమం పేరుతో ఆ భవనంలోకి ప్రవేశించారు. ఇందులో దేశభద్రత ఎక్కడుంది? ఉన్నది చమురు. ఈ పని తప్పని చెప్పిన గూఢచార అధికారిపైనా, ఆయన న్యాయవాది బెర్నార్డ్ కొలేరీపైనా 2018లో కేసులు పెట్టారు. ఆ అధికారి నేరం అంగీకరించగా సస్పెండెడ్ శిక్ష పడింది. కొలేరీపై కేసును నాలుగేళ్ళు వేధించిన తరువాత 2022లో ఎత్తేశారు. మైకులు అమర్చమన్నవారిలో ఒక్కరైనా బోనెక్కలేదు.

ఇదే న్యాయం అఫ్గానిస్తాన్ విషయంలోనూ జరిగింది. అక్కడ ఆస్ట్రేలియా ప్రత్యేక దళాలు పౌరులను చంపాయన్న రహస్యపత్రాల ఆధారంగా ఏబీసీ సంస్థ 2017లో కథనాలు ప్రసారం చేసింది. 2019 జూన్‌లో పోలీసులు ఏబీసీ సిడ్నీ కార్యాలయాన్ని సోదా చేశారు. 2020 నవంబరులో వెలువడిన బ్రెరెటన్ నివేదిక 39 మంది అఫ్గాన్ల హత్యలకు సంబంధించి విశ్వసనీయమైన సమాచారం ఉందని పేర్కొంది. పత్రాలు అందించిన సైనిక న్యాయవాది డేవిడ్ మెక్‌బ్రైడ్‌కు 2024 మే నెలలో ఐదేళ్ళ ఎనిమిది నెలల జైలుశిక్ష పడింది. నిఘా యంత్రం ఎవరిని కాపాడటానికి పనిచేస్తుందో ఈ వరస చూస్తే తెలుస్తుంది. రహస్యం పాలకుడిదైతే దాన్ని బయటపెట్టడం నేరం. రహస్యం పౌరుడిదైతే దాన్ని దాచుకోవడమే నేరం.

చూడవలసినవాణ్ణి చూడని కన్ను

ఉగ్రవాదం నుంచి ప్రాణాలు కాపాడటానికి ఈ మాత్రం నిఘా తప్పదని చెప్పేవారున్నారు. వారిలో అందరూ దురుద్దేశం గలవారు కారు. ఉగ్రదాడిలో చనిపోయేవాడు మన బిడ్డే కావచ్చు. ఆ ప్రశ్నను మేము దాటవేయము. దానికి జవాబు 2019 మార్చి 15వ తేదీయే చెబుతుంది.

ఆ రోజు జుమా నమాజు వేళ న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మస్జిద్‌లలో 51 మంది ముస్లింలను కాల్చి చంపినవాడు ఆస్ట్రేలియా పౌరుడు. ముసుగు వేసుకోలేదు, రహస్యంగా చేయలేదు. ద్వేషపత్రం ప్రచురించి, హత్యాకాండను ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షప్రసారం చేశాడు. ఐదు కళ్ళలో రెండు కళ్ళున్న దేశాలలో పెరిగి, తిరిగి, తుపాకులు కూడబెట్టుకున్న మనిషి ఆ కళ్ళకు కనబడలేదు. 2020లో న్యూజిలాండ్ రాయల్ కమిషన్ రెండు సంగతులు చెప్పింది. యాదృచ్ఛికంగా తప్ప అతణ్ణి ముందే పట్టుకునే అవకాశం లేదన్నది ఒకటి. నిఘా వనరులను అనుచితంగా ఇస్లామిస్టు తీవ్రవాదం మీదనే కేంద్రీకరించారన్నది రెండవది. మొదటి వాక్యాన్ని పాలకులు తమ రక్షణకు ఉదహరిస్తారు. రెండవ వాక్యాన్ని మనం మరువరాదు. మొదటిది కూడా మన వాదననే బలపరుస్తుంది. అందరి కవర్లనూ పోగుచేసినా అతడు దొరికేవాడు కాదంటే, అందరి కవర్లనూ పోగుచేయడం దేనికి?

అంటే యంత్రానికి కళ్ళు లేవని కాదు. దాని మెడ ఒకవైపే తిరుగుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ముస్లింలు 8 లక్షల 13 వేల మంది, జనాభాలో 3.2 శాతం. మాటవరసకు చట్టం అందరిదీ, అనుమానం మాత్రం కొందరిది. పాశ్చాత్య ప్రజాస్వామ్యాలలో జాతీయస్థాయి హక్కుల చట్టం లేని దేశంగా నిలిచిన ఆస్ట్రేలియాలో ఆ కొందరు తలుపు తట్టడానికి రాజ్యాంగంలో ఒక అధికరణం కూడా లేదు.

మన గుమ్మంలోకి

రాజ్యాంగంలో అధికరణం ఉన్న దేశం మనది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. అయితే 2020 అక్టోబరులో ఐదు కళ్ళ దేశాలు ఎన్‌క్రిప్షన్ సందేశాలలోకి ప్రవేశం కల్పించాలని కంపెనీలను కోరుతూ ఒక ప్రకటన విడుదల చేసినప్పుడు, వాటి సరసన మరో రెండు దేశాలు చేరాయి. ఒకటి జపాన్. రెండవది భారతదేశం. మరుసటి ఫిబ్రవరిలోనే సందేశాన్ని మొదట పంపినవాడెవడో కంపెనీలు చెప్పితీరాలన్న ఐటీ నిబంధనలు వచ్చాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తాను కోరుకున్న ప్రభుత్వ సంస్థకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. ఇక్కడ కూడా ఫోన్ సంభాషణలు వినడానికి అనుమతి ఇచ్చేది హోం శాఖ కార్యదర్శి, న్యాయమూర్తి కాదు.

హైదరాబాద్ నగరంలో ఈ యంత్రం వీధిలోకే వచ్చింది. 2021 లాక్‌డౌన్ రోజులలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను రోడ్డుమీద ఆపి, మాస్కు తీయించి ఫోటో తీశారు. నా ముఖాన్ని ఏ చట్టం కింద దాచుకుంటున్నారని ఆయన అడిగారు. జవాబు రాకపోవడంతో ముఖాలను గుర్తించే సాంకేతికతపై తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఆనాడు 'ఏ తప్పూ చేయనివాడికి భయమెందుకు' అన్నవారు అనేకులు. 2024లో అదే రాష్ట్రంలో రాజకీయ నాయకుల, పాత్రికేయుల ఫోన్లను అక్రమంగా విన్నారన్న ఆరోపణలతో కేసు నమోదై, పోలీసు అధికారులే అరెస్టయ్యారు. పాతబస్తీ మీద సాధన చేసిన చెవి బంజారాహిల్స్‌కు పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. మైనారిటీ గోప్యత మైనారిటీ సమస్య మాత్రమే కాదని ఇంతకన్నా ఎలా రుజువు చేయాలి?

మన రాష్ట్రాల నుంచి వెళ్ళిన పిల్లలు మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో ఇంటి భాష తెలుగు అని చెప్పినవారు 2021 నాటికే 59 వేలకు పైగా ఉన్నారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. వారికీ గదిలో స్నేహితులుంటారు, చేతులు మారే సిమ్ కార్డులుంటాయి. హనీఫ్ కథ వారిలో ఎవరి కథైనా కావచ్చు.

ఇక్కడ మన ముఖాన్నీ అద్దంలో చూసుకోవాలి. 2019 జూలైలో చైనా ఉయ్గూర్ ముస్లింలపై సాగిస్తున్న నిర్బంధాన్ని విమర్శిస్తూ ఐక్యరాజ్యసమితికి లేఖ రాసిన 22 దేశాలలో ఆస్ట్రేలియా ఉంది. చైనాను సమర్థిస్తూ లేఖ రాసిన 37 దేశాలలో సౌదీ అరేబియా, పాకిస్తాన్ ఉన్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మానవహక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఫోన్‌పై 2016లో పెగాసస్ దాడి జరిగింది. 2017 నుంచి ఆయన జైలులో ఉన్నారు. కాన్‌బెర్రాను ప్రశ్నించే నోరు రియాద్, అబుధాబీల ముందు మూతపడితే మన వాదనకు విలువుండదు. దివ్య ఖుర్ఆన్ 'అల్ హుజురాత్' సూరా 12వ ఆయత్ అనుమానాన్ని, కూపీలు లాగడాన్ని నిషేధించింది. ఆ నిషేధంలో పాలకుడి మతాన్ని బట్టి మినహాయింపు లేదు.

మనం అడగవలసినది

ఆస్ట్రేలియాలోనూ మెచ్చదగినది ఒకటుంది. 1,713లో తొమ్మిదే సక్రమమని మనకు తెలిసింది అక్కడి అంబుడ్స్‌మన్ లెక్క తీసి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టినందువల్ల. హనీఫ్‌కు అన్యాయం జరిగిందని తేలింది అక్కడ బహిరంగ నివేదిక వచ్చినందువల్ల. మన పాలకులు ఆస్ట్రేలియా నుంచి తాళం విరిచే విద్యను నేర్చుకోవడానికి తహతహలాడుతున్నారు. లెక్క అప్పజెప్పే విద్యను మాత్రం సరిహద్దులోనే ఆపేశారు.

కనుక మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. ఏ పౌరుడి ఫోన్ రికార్డునైనా, సంభాషణనైనా చూడాలంటే న్యాయమూర్తి ఎదుట కారణం చెప్పి వారంటు తీసుకోవాలి. ఎన్‌క్రిప్షన్ తాళానికి దొంగచెవి చేయించరాదు. ఎందరిపై, ఏ కారణంతో నిఘా పెట్టారో ఏటా స్వతంత్ర సంస్థ చట్టసభ ముందు లెక్క పెట్టాలి. అన్యాయంగా నిఘాకు గురైనవారికి ఆ సంగతి తెలియజేసి నష్టపరిహారం ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్కటీ ముస్లింలకు ప్రత్యేక హక్కు కాదు. అందరికీ దక్కితేనే మనకు దక్కుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ప్రసిద్ధ కథనం ఉంది. ఒక రాత్రి ఆయన గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో అనుమానాస్పదమైన సవ్వడి విని గోడ దూకి లోపలికి వెళ్ళారట. లోపల ఒక మనిషి మద్యం సేవిస్తున్నాడు. ఖలీఫా మందలించబోతే ఆ మనిషి జంకకుండా, నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారన్నాడట. కూపీ లాగడం, గుమ్మం ఉండగా గోడ దూకడం, అనుమతి లేకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించడం. ఖలీఫా తన తప్పును ఒప్పుకుని వెనుదిరిగారు.

ఆ ఇంటివాడు నిర్దోషి కాదు. అయినా అతడి గోడ గోడే. మరి బిడ్డను చూడటానికి బయలుదేరిన నిర్దోషి మాటేమిటి? గోడ దూకినవారు తప్పు ఒప్పుకుని వెనుదిరిగేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉండాలి - కాన్‌బెర్రాలోనైనా, ఢిల్లీలోనైనా, హైదరాబాద్‌లోనైనా.